మంచు రోజుల్లో పెరటి పిట్టలకు మేత పెట్టడం, వాటిని గమనించడం ఎలా?

ఉత్తర అమెరికాలో మంచు పడే చోట్ల పెరళ్ళలో తరచుగా కనిపించే చిన్న పిట్ట చికడీ. నెత్తిన నల్ల టోపీ, గొంతు కింద నల్ల మచ్చ, తెల్లటి బుగ్గలు, బరువు సుమారు 11 గ్రాములు. యూరప్‌లో దీని చుట్టమైన బ్లూ టిట్ కూడా దాదాపు అంతే తూగుతుంది. పగటి పూట చికడీ ఒంటి వేడి 42 డిగ్రీల సెల్సియస్. బయట చూస్తే మైనస్ 20. పైగా శీతకాలపు రాత్రి ఎంతకీ తెల్లవారదు. అందుకే రాత్రిళ్ళు ఒంటి వేడిని దాదాపు పది డిగ్రీలు దించుకుంటుంది. ఏ చెట్టు తొర్రలోనో ఈకలు ఉబ్బించుకుని ముడుచుకుంటుంది, వణుకుతూ వేడి పుట్టించుకుంటుంది. పగలంతా తిని పోగేసుకున్న కొవ్వే ఆ రాత్రికి నెగడు. తెల్లారేసరికి అది దాదాపు ఆరిపోతుంది.

కాబట్టి పిట్టకు రోజులో రెండు వేళలు ప్రాణం లాంటివి. ఒకటి తొలి వెలుగు, రెండోది పొద్దు గుంకే ముందు గంట. మీరు ఎన్ని కిలోలు పోశారన్నది పెద్ద విషయం కాదు. ఆ రెండు వేళల్లో ఫీడర్‌లో, అంటే పిట్టల కోసం గింజలు పోసి పెట్టే పాత్రలో, పొడి గింజలు ఉన్నాయా, అవి శుభ్రంగా ఉన్నాయా అన్నదే చూసుకోవాలి. కింద చెప్పే పనులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

మేత మరిగితే పిట్టలు సొంతంగా వెతుక్కోవడం మానేస్తాయేమోనని చాలామందికి భయం. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో బ్రిటింగ్‌హామ్, టెంపుల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చికడీల మీద ఈ సంగతి పరిశీలించి 1988లోను, 1992లోను ఫలితాలు ప్రచురించారు. ఫీడర్లున్న చోట 69 శాతం పిట్టలు శీతకాలం గట్టెక్కాయి, లేని చోట 37 శాతమే. ఈ తేడా ముఖ్యంగా విపరీతమైన చలి ఉన్న నెలల్లో వచ్చింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఫీడర్లున్న చోట వాటిని తీసేసి చూశారు. అక్కడి పిట్టలు ఫీడర్ మొహం ఎరగని పిట్టల్లాగే బతికాయి, తేడా ఏమీ కనిపించలేదు. అంటే పిట్ట మన మీదే ఆధారపడి లేదు. మీరు వారం రోజులు ఊరెళ్ళాల్సి వస్తే దిగులు పడక్కర్లేదు. కానీ ఎముకలు కొరికే చలి వచ్చిన రోజుల్లో మాత్రం ఇంట్లో ఉండి కూడా ఫీడర్ ఖాళీగా వదిలేయకండి.

మొదలుపెట్టే ముందు

మీరుండేది అపార్ట్‌మెంటో, సొసైటీ నిబంధనలున్న కాలనీయో అయితే మేత పెట్టడానికి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి. ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతమైతే అవి శీతనిద్రకు వెళ్ళాకే ఫీడర్ కట్టాలి, లేచే వేళకు తీసేయాలి. కొన్ని చోట్ల ఇది చట్టం కూడా. ఇంట్లో కోళ్ళు పెంచుతుంటే అడవి పిట్టల్ని పెరట్లోకి పిలవకపోవడమే మంచిది. బర్డ్ ఫ్లూ అటూ ఇటూ పాకే ప్రమాదం ఉంటుంది.

పిల్లి ఉంటే దాన్ని లోపలే ఉంచండి. పిల్లిని పెరట్లోకి వదులుతూ అక్కడే పిట్టలకు గింజలు వేయడం వాటిని ఎర వేసి పిలిచినట్టే. ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి.

ఇక ఏమీ కొనకుండానే రెండు మూడు రోజులు కిటికీ దగ్గర నిలబడి చూడండి. పిట్టలు ఏ పొద మీద ముందు వాలుతున్నాయి, గాలి ఏ దిక్కు నుంచి కొడుతోంది, ఉదయపు ఎండ ముందుగా ఎక్కడ పడుతోంది? మీ పెరటికి ఏం కావాలో ఈ మూడు ప్రశ్నలు చెబుతాయి.

చోటు ఎంచుకోవడం

గాలి తగలని, ఉదయపు ఎండ పడే వైపు మంచిది. ఫీడర్‌కు మూడు మీటర్లు దాటిన కొద్ది దూరంలో ఒక పొదో, ఆకు రాలని పైన్ లాంటి చెట్టో ఉండాలి. డేగ వస్తే పిట్ట ఒక్క ఊపున అందులో దూరిపోవాలి. అలాగని పొదకు ఆనించి కట్టొద్దు, పిల్లి మాటువేయడానికి అదే చోటవుతుంది. పొద లేదా? ఎండు కొమ్మలు, కత్తిరించిన రెమ్మలు ఒక మూల గుట్టగా పేర్చండి. అడుగున లావు కొమ్మలు, పైన సన్నవి. మంచు దాని మీద కప్పులా పేరుకుంటే లోపల వెచ్చటి ఖాళీ మిగులుతుంది. జుంకోలనే చిన్న నేల పిట్టలు, పిచ్చుకలు అందులోకి దూరతాయి.

కిటికీ అద్దం విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. అమెరికా ఒక్కదానిలోనే అద్దాలకు గుద్దుకుని ఏటా 36 కోట్ల నుంచి 99 కోట్ల దాకా పక్షులు చనిపోతున్నాయని 2014లో వచ్చిన అంచనా. అద్దంలో కనిపించే ఆకాశాన్ని, చెట్లను అవి నిజమైనవే అనుకుంటాయి. ఫీడర్‌ను కిటికీకి ఒక మీటరు లోపే పెట్టండి, లేదా పది మీటర్ల అవతల పెట్టండి. మీటరు లోపుంటే పిట్ట బెదిరి లేచినా వేగం అందుకోకముందే అద్దం చేరుతుంది కాబట్టి దెబ్బ గట్టిగా తగలదు. మధ్యలో ఉండే దూరాలే ప్రాణాలు తీస్తాయి. దీనికి తోడు అద్దానికి బయటి వైపు ఐదేసి సెంటీమీటర్ల ఎడంతో చుక్కల స్టిక్కర్లు అంటిస్తే ఇంకా భద్రం. ఒక్క డేగ బొమ్మ అంటించి ఊరుకుంటే లాభం లేదు, పిట్ట దాని పక్కనున్న ఖాళీలోంచి దూసుకెళ్ళాలని చూస్తుంది.

అయినా ఎప్పుడో ఒక పిట్ట అద్దానికి తగిలి మంచులో పడిపోవచ్చు. దాన్ని మెల్లగా రెండు చేతుల్లోకి తీసుకుని గాలి ఆడే అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ మీద పెట్టి మూత వేయండి. చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట ఉంచండి. నీళ్ళు తాగించొద్దు, తిండి పెట్టొద్దు, మాటిమాటికీ మూత తీసి చూడొద్దు. గంట గడిచాక బయటికి తీసుకెళ్ళి మూత తెరవండి. కోలుకుంటే అదే ఎగిరిపోతుంది. లేకపోతే వన్యప్రాణుల చికిత్సాకేంద్రానికి ఫోన్ చేయడమే దారి.

ఉడుతలు సుమారు ఒకటిన్నర మీటర్లు నిలువునా, మూడు మీటర్ల దాకా అడ్డంగా దూకగలవు. ఫీడర్ కట్టిన స్తంభం చెట్టుకు, కంచెకు మూడు మీటర్లకు పైగా దూరంలో ఉండాలి. స్తంభానికి నడుము ఎత్తుకు పైన గొట్టం ఆకారపు బాఫిల్ (ఉడుతల్ని ఆపే అడ్డు) బిగిస్తే అవి పైకి పాకలేవు. స్తంభానికి గ్రీజు, వేజిలిన్ పూయమని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి. జిడ్డు ఈకలకు అంటితే ఈకలు అతుక్కుపోతాయి. ఈకల మధ్య గాలి నిలవక చలి నేరుగా ఒంటికి తగిలి పిట్ట చచ్చిపోతుంది.

ఏ గింజలు కొనాలి

ఒక్క రకమే కొంటానంటే నల్ల ప్రొద్దుతిరుగుడు గింజలు కొనండి. చారలున్న రకం కాదు, చిన్నగా పూర్తి నలుపులో ఉండేవి. పొట్టు పలచన, కొవ్వు ఎక్కువ. చిన్న ముక్కున్న చికడీ నుంచి లావు ముక్కున్న కార్డినల్ దాకా అన్నీ తింటాయి. రంగురంగుల సంచుల్లో చవగ్గా దొరికే కలగలుపు గింజల్లో ఎర్ర జొన్నలే ఎక్కువగా ఉంటాయి. చాలా పిట్టలు వాటిని ముక్కుతో పక్కకు విసిరేసి మంచి గింజ కోసం వెతుక్కుంటాయి. విసిరేసినవి కింద తడిసి బూజు పడతాయి, ఎలుకలు చేరతాయి. ఆ డబ్బు పెట్టి సగం సంచి నల్ల గింజలు కొన్నా అదే లాభమని నా అభిప్రాయం.

రెండో కొనుగోలు సూయెట్. అంటే ఆవు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు. ముద్దలుగా, బిళ్ళలుగా అమ్ముతారు. వడ్రంగి పిట్టలు, నట్‌హాచ్‌లు, చికడీలు దీన్ని వదిలిపెట్టవు. చలి రోజుల్లో ఇది చెడిపోదు. ఇనుప తీగ పెట్టెలో పెట్టి చెట్టు మానుకు ఆనించి కట్టండి. మెత్తటి ప్లాస్టిక్ వల సంచిలో వచ్చే కొవ్వు ముద్దలైతే ఆ వల కత్తిరించి తీసేయాలి, లేదంటే గోళ్ళు అందులో చిక్కుకుంటాయి.

ఈ రెండూ కుదిరాక మిగతావి చూసుకోవచ్చు. వరిగలు నేల మీద తినే జుంకోలకు, పిచ్చుకలకు, గువ్వలకు. కుసుమ గింజలు కార్డినల్‌కు ఇష్టం, ఉడుతలు వాటి జోలికి అంతగా రావు. నైజర్ పేరుతో అమ్మే వలిసెలు గోల్డ్‌ఫించ్, సిస్కిన్ అనే చిన్న ఫించ్ జాతి పిట్టలకు. వలిసెలు తొందరగా పాతబడతాయి. ఫించ్‌లు వచ్చి వాలి తినకుండా వెళ్ళిపోతున్నాయంటే గింజల్ని గోటి కింద నొక్కి చూడండి. నూనె తడి కనిపించకపోతే పారేసి కొత్తవి పోయాలి. ఉప్పు లేని పల్లీలు బ్లూ జేకి, వడ్రంగి పిట్టకు పండగ. బూజు వాసన ఏమాత్రం వచ్చినా పల్లీలు పెట్టొద్దు, అందులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం పిట్టల్ని చంపుతుంది. యూరప్ రాబిన్ లాంటి పురుగు తినే పిట్టల కోసం ఎండబెట్టిన మీల్‌వార్మ్‌లు అనే పురుగులను కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి పెట్టవచ్చు.

పెట్టకూడనివి: ఉప్పు తగిలిన ఏ పదార్థమైనా, వంటలో మిగిలిన నూనె, మాంసం వేయించాక మిగిలే కొవ్వు, బూజు పట్టిన రొట్టె. మంచి రొట్టె కూడా కడుపు నింపుతుంది గానీ చలి రాత్రికి కావలసిన కొవ్వు దాన్లో లేదు.

గింజలు మూత బిగుతుగా పడే ఇనుప డబ్బాలో, తడి తగలని చల్లటి చోట పెట్టుకోండి. ప్లాస్టిక్ డబ్బాను ఎలుక ఒక్క రాత్రిలో కొరికేస్తుంది.

ఫీడర్లు

గొట్టం ఆకారపు ఫీడర్ ఒకటి, సూయెట్ తీగ పెట్టె ఒకటి, నేల కోసం అడుగున జల్లెడ ఉన్న పళ్ళెం ఒకటి. మొదటి శీతకాలానికి ఇంతే చాలు. గొట్టం ఫీడర్ చిన్న పిట్టలకు. పెద్ద పావురాలు, గ్రాకిల్ లాంటి పెద్ద పక్షులు దాని మీద నిలవలేవు కాబట్టి చిన్నవి నిశ్చింతగా తింటాయి. పెరడు లేనివాళ్ళు అద్దానికి అతుక్కునే ఫీడర్ పెట్టుకోవచ్చు. మొదట వారం పది రోజులు ఎవరూ రాకపోయినా నిరాశపడొద్దు. ఒక్క చికడీ చూసిందంటే మిగతావి దాని వెంటే వస్తాయి.

మంచు కురిసే రోజు ఏం చేయాలి

పిట్టలకు గాలి పీడనం పడిపోవడం తెలుస్తుంది. తెల్ల చారల కిరీటమున్న పిచ్చుకల మీద ప్రయోగశాలలో చేసిన పరీక్షల్లో, పీడనం తగ్గిస్తే అవి మేత కోసం త్వరపడటం కనిపించింది. మంచు తుఫానుకు ముందు పూట ఫీడర్ దగ్గర గుంపులు గుంపులుగా ఎగబడటం మీరే చూస్తారు. అందుకని:

1. తుఫాను హెచ్చరిక రాగానే ముందు రోజు మధ్యాహ్నమే ఫీడర్లన్నీ నింపండి. సూయెట్ కొత్త బిళ్ళ పెట్టండి.

2. ఫీడర్ పైన వెడల్పాటి ప్లాస్టిక్ కప్పు ఉంటే గింజ తడవదు. గింజ తడిసి గడ్డకడితే గొట్టం ద్వారాలు మూసుకుపోతాయి. మీకు నిండుగా కనిపిస్తుంది, పిట్టకు మాత్రం ఒక్క గింజ కూడా అందదు. చీపురుపుల్లతో ద్వారం దగ్గర పొడిచి గింజ కదులుతోందా చూడండి.

3. మంచు కురుస్తున్నప్పుడే మధ్యలో ఒకసారి వెళ్ళి కప్పు మీద, వాలే కర్రల మీద పేరుకున్న మంచు దులపండి.

4. పొద పక్కన రెండు మీటర్ల మేర నేలను పారతో శుభ్రం చేయండి. లోతు ఎక్కువైతే బూట్లతో తొక్కి గట్టిపరచండి. మెత్తటి మంచులో వేసిన గింజ కూరుకుపోతుంది, జుంకోకు దొరకదు. అక్కడ చీకటి పడేలోపు అవి తినేసేంత వరిగలే చల్లండి. రాత్రికి మిగిలితే ఎలుకల పాలే.

5. మర్నాడు తెల్లవారుజామునే, వీలైతే వెలుగు రాకముందే, మళ్ళీ ఒకసారి దులిపి నింపండి. మీరు కాఫీ తాగే ముందు ఈ పని కావాలి.

పిట్టలు వాలి తింటుండగా మాటిమాటికీ బయటికి వెళ్ళొద్దు. బెదిరి లేచిన ప్రతిసారీ వాటికి శక్తి ఖర్చవుతుంది. మీ పనులన్నీ ఒక్కసారిలో ముగించుకుని లోపలికి వచ్చేయండి.

నీళ్ళు

చుట్టూ మంచే ఉన్నా నీళ్ళు కరువే. పిట్ట మంచు తిని దాహం తీర్చుకోగలదు కానీ ఒక్క గ్రాము మంచు కరగడానికే 334 జౌల్‌ల (వేడిని కొలిచే ప్రమాణం) వేడి కావాలి. ఆ నీటిని ఒంటి వేడికి తేవడానికి ఇంకొంత. ఆ వేడంతా అది తిన్న గింజలోంచే రావాలి. అందుకే శీతకాలంలో ఒక పళ్ళెం నీళ్ళు ఒక ఫీడర్‌తో సమానమని నేను గట్టిగా నమ్ముతాను. గింజలు తినని పిట్టలు కూడా నీళ్ళకు వస్తాయి.

థర్మోస్టాట్ ఉన్న వేడి నీటి తొట్టి దొరికితే మంచిది. బయట వాడటానికి తగిన తీగ, విద్యుత్ లీకైతే వెంటనే ఆగిపోయే ప్లగ్గు తప్పనిసరి. లేకపోతే ముదురు రంగు వెడల్పాటి పళ్ళెం ఎండలో పెట్టి, రోజుకు రెండుసార్లు పాత మంచుగడ్డ కొట్టేసి గోరువెచ్చటి నీళ్ళు పోయండి. లోతు మూడు నాలుగు సెంటీమీటర్లు దాటకూడదు. మధ్యలో ఒక రాయి పెడితే దాని మీద నిలబడి తాగుతాయి. గడ్డకట్టకుండా ఉండాలని ఉప్పు గానీ, గ్లిజరిన్ గానీ, కారు ఇంజన్లలో గడ్డకట్టకుండా పోసే యాంటీఫ్రీజ్ గానీ కలపొద్దు. యాంటీఫ్రీజ్ నేరుగా విషం, గ్లిజరిన్ ఈకల్ని జిడ్డు చేస్తుంది.

శుభ్రం: తప్పించుకోలేని పని

అడవిలో పిట్టలు చెదిరి తింటాయి. ఫీడర్ దగ్గర ఒకదాని ఎంగిలిని, రెట్టను ఇంకొకటి తొక్కుకుంటూ తింటాయి. జబ్బు అంటుకోవడానికి అంతకంటే అనువైన చోటు లేదు. 2021 చలికాలంలో అమెరికాలో పైన్ సిస్కిన్‌లు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకి పెద్ద సంఖ్యలో చనిపోయాయి. ఫీడర్ల వల్ల మనుషులకూ అది అంటింది. ఫీడర్లు కొంతకాలం తీసేయమని అక్కడి ఆరోగ్య అధికారులే చెప్పాల్సి వచ్చింది. హౌస్ ఫించ్‌ల కళ్ళు వాచి మూసుకుపోయే జబ్బు 1994లో మొదట వాషింగ్టన్ డీసీ పరిసరాల్లో కనిపించి, తర్వాత దేశమంతా పాకింది.

రెండు వారాలకోసారి ఫీడర్ విప్పి, సబ్బు నీళ్ళతో రుద్ది కడగండి. ఆ తర్వాత ఒక పాలు బ్లీచ్, తొమ్మిది పాళ్ళ నీళ్ళు కలిపి పది నిమిషాలు ముంచి ఉంచండి. బాగా కడిగి పూర్తిగా ఆరబెట్టాకే గింజ పోయాలి. తడి ఉండగా పోస్తే కడిగిన ఫలితం దక్కదు. ఫీడర్లకు విడిగా ఒక బ్రష్షు, ఒక బకెట్ పెట్టుకోండి, వంటింటి సింకులో కడగొద్దు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. చలిలో ఈ పని విసుగే. అదనంగా ఒక ఫీడర్ కొని ఉంచుకుంటే ఒకటి ఆరుతుండగా రెండోది వేలాడుతుంది, విసుగు సగం తగ్గుతుంది.

కింద రాలిన పొట్టు వారానికోసారి ఊడ్చేయండి. ప్రొద్దుతిరుగుడు పొట్టులోని రసాయనాలు గడ్డిని ఎదగనివ్వవు, కాబట్టి ఎరువు కుప్పలో కూడా ఎక్కువగా వేయకండి.

పిట్ట ఉబ్బిపోయి కదలకుండా కూర్చున్నా, దగ్గరికి వెళ్ళినా ఎగరకపోయినా, కళ్ళు వాచినా అది జబ్బు. చలికి ఉబ్బిన పిట్టకూ దీనికీ తేడా తెలుసుకోవాలి. చలికి ఉబ్బింది చురుగ్గా చుట్టూ చూస్తుంటుంది, అలికిడికి తుర్రుమంటుంది. జబ్బు పిట్ట కళ్ళు సగం మూసి ఉంటుంది. అలాంటిది ఒక్కటి కనిపించినా అన్ని ఫీడర్లూ దించి కడిగి రెండు వారాలు ఆపండి. ఎంత చలి ఉన్నా సరే. గుంపు చెదిరిపోవడమే అప్పుడు మీరు చేయగల మేలు.

ఇప్పుడు చూడటం

మేత సగం పనే. ఒక కుర్చీ కిటికీకి కాస్త వెనక్కి వేసుకోండి, గదిలో దీపం ఆర్పండి. రోజూ ఒకే వేళకు పావుగంట కూర్చుంటే చాలు, అప్పుడప్పుడూ గంటలు కూర్చోవడం కంటే ఇదే ఎక్కువ నేర్పుతుంది. బైనాక్యులర్ కొనేటట్టయితే 8x42 తీసుకోండి. 8 రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 మిల్లీమీటర్ల అద్దం మబ్బు వెలుగులోనూ బాగా పనిచేస్తుంది. పేరు తెలియని పిట్టకు కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షి పరిశోధనశాల ఉచితంగా ఇచ్చే మెర్లిన్ యాప్ సాయం చేస్తుంది. అయితే యాప్ తెరిచే ముందు మీ కళ్ళతో నాలుగు సంగతులు పట్టుకోండి: పిచ్చుకంతా, ఇంకా పెద్దా? ముక్కు లావా, సన్నమా? ఎక్కడ తింటోంది? ఎలా తింటోంది?

ఎలా తింటోందన్నదే అన్నిటికంటే ఇంపుగా ఉంటుంది. చికడీ వచ్చి ఒకటి రెండు గింజల్ని ముక్కుతో తడిమి చూస్తుంది, ఒకదాన్ని ఎంచుకుని కొమ్మ మీదికి ఎగిరిపోతుంది. అక్కడ గింజను రెండు కాళ్ళ మధ్య అదిమి పట్టి ముక్కుతో టకటకా కొడుతుంది. పొట్టు పగిలి చిన్న ముక్క కింద మంచు మీద పడుతుంది. పప్పు తిని మళ్ళీ ఇంకొక గింజకు వస్తుంది. కార్డినల్‌కు ఈ పరుగులేమీ లేవు. ఫీడర్ మీదే కూర్చుని గింజను లావాటి ముక్కులో అటూ ఇటూ దొర్లించి పొట్టు పక్కల నుంచి రాల్చేస్తుంది. నట్‌హాచ్ చెట్టు మాను మీద తలకిందులుగా దిగుతూ వచ్చి, గింజను బెరడు పగుల్లో ఇరికించి పగలగొడుతుంది. కొన్నిసార్లు అక్కడే దాచి పైన బెరడు ముక్క కప్పి వెళ్ళిపోతుంది. చికడీలూ ఇలాగే వందల గింజలు తలా ఒక చోట దాస్తాయి, ఆ చోట్లు గుర్తుపెట్టుకుని తర్వాత తీసుకుంటాయి.

తికమక పెట్టే జంట ఒకటుంది. డౌనీ, హెయిరీ అనే రెండు వడ్రంగి పిట్టలు రంగులో అచ్చు ఒకేలా ఉంటాయి. ముక్కు చూడండి. డౌనీ ముక్కు తలలో సగం కూడా ఉండదు, హెయిరీ ముక్కు దాదాపు తల పొడవుంటుంది. అలాగే వేసవిలో పసుపు ముద్దలా ఉండే మగ గోల్డ్‌ఫించ్ శీతకాలంలో మాసిన ఆకుపచ్చ గోధుమ రంగులోకి మారిపోతుంది. కొత్త పిట్ట వచ్చిందనుకోకండి.

వేళలు కూడా రాసుకోండి. చీకటి పూర్తిగా తొలగకముందే వచ్చేదీ, సాయంత్రం అన్నీ వెళ్ళిపోయాక మసక వెలుగులో వచ్చేదీ తరచుగా కార్డినలే. జుంకో గుంపులో ఎవరు ఎవర్ని తరుముతున్నారో చూస్తే వాటిలో పెద్దరికం వరస తెలుస్తుంది. స్లేటు రంగు వీపు, తెల్ల పొట్ట ఉన్న ఈ పిట్టలు లేచినప్పుడు తోకకు రెండు వైపులా తెల్ల ఈకలు తళుక్కుమంటాయి.

చెవులు కూడా తెరిచి ఉంచండి. చికడీ అరుపులో చివర వచ్చే "డీ డీ డీ" ప్రమాదం పెరిగిన కొద్దీ పెరుగుతుందని 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. కొమ్మల మధ్య చురుగ్గా తిరగగల చిన్న గుడ్లగూబకు ఎక్కువ "డీ"లు, చిన్న పిట్టల్ని అంత సులువుగా పట్టలేని పెద్ద గుడ్లగూబకు తక్కువ. ఆ అరుపు హఠాత్తుగా పెరిగి, పెరడంతా ఒక్కసారి బిగుసుకుపోతే పైకి చూడండి, ఏదో ఒక కొమ్మ మీద కూపర్స్ డేగ ఉండొచ్చు. డేగకూ ఆకలే, దాన్ని తిట్టుకోవద్దు. రోజూ అక్కడే మకాం వేస్తే నాలుగైదు రోజులు ఫీడర్లు దించితే అది వేరే చోటికి వెళ్తుంది.

కొత్తగా పడ్డ పలచటి మంచు రాత్రి తర్వాత తప్పకుండా నేల చూడండి. జుంకో, పిచ్చుక గెంతుతాయి కాబట్టి రెండు పాదాలూ పక్కపక్కనే జంటగా పడతాయి. గువ్వ నడుస్తుంది, దాని అడుగులు ఒకదాని ముందు ఒకటి. జాడ హఠాత్తుగా ఆగిపోయి ఇరుపక్కలా విసనకర్ర ఆకారంలో గీతలుంటే అవి రెక్కల ఆనవాళ్ళు, అక్కడినుంచే లేచిందన్నమాట.

ఫోటో తీయాలంటే కెమెరాను అద్దానికి దాదాపు ఆనించండి, ప్రతిబింబాలు పోతాయి. మంచు తెల్లదనానికి కెమెరా మోసపోయి బొమ్మను చీకటిగా తీస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు పెంచితే మంచు తెల్లగా, పిట్ట ఈకలు స్పష్టంగా వస్తాయి.

లెక్క పెట్టడం

మీ పావుగంట పరిశీలన శాస్త్రానికి పనికొచ్చేలా చేయడం చాలా సులువు. కార్నెల్ పరిశోధనశాల, బర్డ్స్ కెనడా కలిసి నడిపే ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సాగుతుంది. గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ 1998 నుంచి ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరుగుతుంది. 2013 నుంచి ఏ దేశంలో ఉన్నవాళ్ళైనా పాల్గొనవచ్చు. బ్రిటన్‌లో ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షి సంరక్షణ సంస్థ 1979 నుంచి జనవరి చివర్లో గంటసేపు తోట పిట్టల్ని లెక్కపెట్టిస్తోంది.

ఫీడర్ దగ్గర లెక్కకు ఒక సూత్రం ఉంది. వచ్చిన ప్రతి పిట్టనూ కూడుకుంటూ పోకూడదు, అదే చికడీ ఇరవై సార్లు వస్తుంది. ఒక్కో రకంలో ఒకే క్షణాన కలిసి కనిపించిన అత్యధిక సంఖ్యనే రాయాలి. ఉదయం మూడు జుంకోలు, తర్వాత ఒకేసారి ఏడు, సాయంత్రం నాలుగు కనిపిస్తే ఆ రోజు లెక్క ఏడు. ఏమీ రాని రోజు కూడా రాయండి, ఆ సమాచారానికీ విలువుంది.

మంచు కరిగాక

వసంతం రాగానే ఒక్కసారిగా ఆపక్కర్లేదు, మెల్లగా తగ్గించండి. మొగ్గలు విచ్చుకోకముందు, పురుగులు ఇంకా లేవని ఆ చివరి చలి వారాల్లో ప్రకృతిలో మేత బాగా తక్కువగా ఉంటుంది. ఎండ ముదిరి సూయెట్ మెత్తబడటం మొదలైతే దాన్ని తీసేయండి. కరిగిన కొవ్వు పొట్ట ఈకలకు అంటుతుంది, కంపు కూడా కొడుతుంది. ఎలుగుబంట్ల ప్రాంతమైతే అవి లేచే లోపే అన్నీ లోపలికి రావాలి. కరిగిన మంచు కింద శీతకాలమంతా పేరుకున్న పొట్టు, మొలకెత్తిన గింజ, రెట్ట బయటపడతాయి. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని కాస్త తడిపి, మొత్తం పారతో ఎత్తి సంచిలో కట్టి పారేయండి. ఫీడర్లను చివరిసారి బ్లీచ్ నీళ్ళలో ముంచి కడిగి, ఎండలో ఆరబెట్టి భద్రపరచండి. డబ్బా అడుగున మిగిలిన గింజలు వచ్చే చలికాలానికి దాచొద్దు, వేసవి వేడికి నూనె కంపు పడతాయి. నీళ్ళ పళ్ళెం మాత్రం తీయకండి, వేసవిలో కూడా దానికి పిట్టలు వస్తూనే ఉంటాయి.